లోపలి ఊఁ

పైఅంతస్తులో ఎవరో గోడకి కన్నాలు వేయడం మొదలుపెట్టేసరికి రికార్డింగు ఆగిపోయింది. అద్దానికి అవతల దర్శకుడు పైకప్పు వంక చూసి పళ్ళు కొరికాడు, ఒక మనిషిని పైకి పంపాడు, ఆ మనిషి వెళ్ళినంత వేగంగానే తిరిగొచ్చి, వాళ్ళు భోజనాలకి లేచేదాకా ఆపరట అని చెప్పాడు. భోజనాలకి ఇంకా గంటపైనే ఉంది. సరే పదండి, టీలు తాగొద్దాం అంటూ అందరూ లేచారు. ఆమె మాత్రం మైకు ముందు కుర్చీలోనే ఉండిపోయింది. "మీరు రారా?" అని దర్శకుడు మీట నొక్కి అడిగితే, "కొత్త వేషం కదా, కాస్త చూసుకుంటాను" అంది. అది అబద్ధమేమీ కాదు. ఈ రేడియో నాటకంలో ఇన్నాళ్ళూ ఆమెది కథ చెప్పే గొంతు. హాస్యం పాత్రలు వేసే ఆవిడకి జలుబు చేసి గొంతు పూడుకుపోవడంతో ఇవాళ ముసలమ్మ వేషం కూడా ఆమె నెత్తిన పడింది. "ఒక్క సీనేనండీ, మీకు మంచినీళ్ళ ప్రాయం," అన్నాడు పొద్దున దర్శకుడు. "అవతలివాళ్ళ ముసలమ్మ. వాళ్ళు మాట చివర ఎలా సాగదీస్తారో అలా సాగదీయండి. అవును అనాల్సిన చోట ఒక ఎక్కిలి పెట్టండి. అంతే, జనం పడీ పడీ నవ్వుతారు." ఆమె తలూపింది. వాళ్ళ మాట మీకు తెలుసా అని అతను అడగలేదు. ఆమె కూడా చెప్పలేదు.

అవతలివాళ్ళు. కొండలకి అవతలి నుంచి వచ్చినవాళ్ళు కాబట్టి అవతలివాళ్ళు. ఊరంతా అలాగే అనేది, తిట్టినట్టూ కాదు, మన్నించినట్టూ కాదు, చెప్పుల జతలో ఇది ఎడమది అన్నట్టు. ఇంట్లో ఆ మాట వినపడేదే కాదు. ఇంట్లో మాత్రం వాళ్ళే మనవాళ్ళు. మనవాళ్ళలో ఒకాయన ఉండేవాడు, అని నాన్న ఎత్తుకుంటే అన్నం చల్లారిపోయేది, అమ్మ విసుక్కునేది, కథ మాత్రం అయ్యేది కాదు. చాలాకాలం ఆమె అవతలివాళ్ళు వేరు, మనవాళ్ళు వేరు అనుకుంది. వీధిలో పిల్లలతో కలిసి అవతలివాళ్ళ నడకని వెక్కిరించి, ఇంటికొచ్చి నాన్న ఒళ్ళో కూర్చుని మనవాళ్ళ కథలు వినేది. తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. వచ్చి, సగంలో ఆగిపోతుంది.

ఈ గదిలో గోడలకీ తలుపుకీ కప్పుకీ మెత్తటి దిళ్ళలాంటివి అతికించారు. మనిషి ఒంటరిగా కూర్చుంటే తన నెత్తురు తనకే వినపడుతుంది. పైనుంచి యంత్రం రొద కూడా దూరంగా ఎవరో తుమ్మెదని డబ్బాలో పెట్టి మూసినట్టు వస్తోంది. ఎదురుగా రెండు వరసల అద్దం, ఒకటి నిటారుగా, ఒకటి కాస్త వాలుగా. మాట అద్దానికి తగిలి తిరిగి మైకులోకి రాకుండా అలా వాల్చి బిగిస్తారట. నాన్న చూసి ఉంటే ముందు వేలితో అంచు తడిమేవాడు, తర్వాత మడిచిన వేలి కణుపుతో కొట్టి వినేవాడు, ఆ తర్వాత గానీ మనుషుల వంక చూసేవాడు కాదు. అద్దాల దుకాణం ఆయనది. కిటికీలకి, బీరువాలకి, పటాలకి అద్దాలు కోసేవాడు. కోత చక్రాన్ని కిరోసిన్లో ముంచి, అద్దం మీద ఒక్క గీత గీసేవాడు, గీత పొడవునా చిన్నగా, ఏదో పురుగు నములుతున్నట్టు చప్పుడు, తర్వాత కింద నుంచి రెండుసార్లు తట్టేవాడు, అద్దం తనంతట తానే రెండుగా విడిపోయేది. ఇంటికొస్తే ఆయన చొక్కాకి కిరోసిన్ వాసన. కనుబొమల మీద బూడిదరంగు పొడి. అమ్మ గుమ్మంలోనే నిలబెట్టి తువ్వాలుతో దులిపేది, చిన్నపిల్లాణ్ణి దులిపినట్టు, ఆయన కళ్ళు మూసుకుని నిలబడేవాడు. పూర్తయిందా అని అమ్మని అడగడు. అమ్మే అడిగేది, ఆకలేస్తోందా అని. ఆయన అనేవాడు, ఊఁ.

ఆ ఊఁ అందరి ఊఁ కాదు. అందరూ ఊపిరి బయటికి వదులుతూ ఊఁ అంటారు. మనవాళ్ళు లోపలికి పీలుస్తూ అంటారు, పీల్చి సగంలో గొంతు దగ్గర దాన్ని పట్టి ఆపి, చటుక్కున. తెలియనివాళ్ళకి ఎక్కిలిలా ఉంటుంది, వేడి టీ చురుక్కుమన్నట్టు ఉంటుంది. అమ్మ ఈ ఊరి మనిషి, దుకాణం పక్కనే కుట్టుపని చేసేది. చుట్టాల్లో ఎవరు దొరికినా ఒకటే కథ చెప్పేది. "ఎంతకీ అడగడే ఈ మనిషి! ఇక లాభం లేదని నేనే అడిగా, నన్ను చేసుకుంటావా అని. ఈయనకి ఎక్కిలి వచ్చింది. పాపం బెదిరిపోయాడేమోనని పరిగెత్తికెళ్ళి చెంబుడు నీళ్ళు తెచ్చిచ్చా. గటగటా తాగి, చెంబు నా చేతికిచ్చి, మళ్ళీ ఎక్కిలి!" చెప్పిన ప్రతిసారీ అమ్మకి ముందు తనకే నవ్వొచ్చి చివరి మాట మిగిలిపోయేది, అది నాన్నే పూర్తి చేయాలి. ఎందుకలా అంటావు నాన్నా అని ఆమె, తమ్ముడు అడిగితే రోజుకో కారణం. మా వైపు చలి ఎక్కువ, నోరు తెరిచి గాలి వదిలితే ఒంట్లో వేడి పోతుందే అనేవాడు. ఇంకోరోజు, మా తాత పరమ పిసినారి, ఊపిరి కూడా ఖర్చుపెట్టేవాడు కాదు, ఆ బుద్ధే మాకందరికీ పట్టుకుంది అనేవాడు. తమ్ముడు రెండూ నమ్మాడు. ఆమె ఏదీ నమ్మలేదు, రెండూ దాచుకుంది.

నాన్నమ్మ ఒక్కసారే వచ్చింది, ఎండలు ముదిరేవేళ వచ్చి వానలు పడగానే వెళ్ళిపోయింది. ఆవిడకి ఈ ఊరి మాట రాదు. అమ్మకి ఆవిడ మాట రాదు. ఇద్దరూ కలిసి వంటింట్లో కూరగాయలు తరుగుతూ ఎవరి మాటల్లో వాళ్ళు చెప్పుకుపోయేవారు, ఎక్కడో ఒకచోట ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చేది. మధ్యాహ్నం కిటికీలు మూసి పడుకుంటే, చీకటిగదిలో చాపమీద ఆమె, ఒకపక్క నాన్నమ్మ, అవతలిపక్క భోజనానికొచ్చి నడుం వాల్చిన నాన్న. ఇద్దరూ ఆమె మీదుగా మాట్లాడుకునేవారు. మాటలు అర్థమయ్యేవా? కొన్ని అయ్యేవి, నీళ్ళు, మేక, చచ్చిపోయాడు, పిల్ల. పిల్ల అంటే తనే. మిగతావి అర్థమయ్యే అవసరం ఉండేది కాదు. ఒక మాట సాగి సాగి చివర పైకి లేచేది, అవతలి నుంచి ఊఁ. ఇంకో మాట, మళ్ళీ ఊఁ. తన ముఖం మీదుగా అటొకసారి ఇటొకసారి గాలి లోపలికి పోతూ ఉండేది, ఎవరో తనని కొద్దికొద్దిగా పీల్చుకుంటున్నట్టు, ఆ మధ్యలో నిద్ర పట్టేది. అంత నిద్ర మళ్ళీ ఏ పరుపు మీదా పట్టలేదు. దాన్ని వెతుక్కుంటూనే ఇన్నేళ్ళూ పడుకుందేమో.

నాన్నమ్మ వెళ్ళాక ఆమె ఆ ఊఁని బడికి తీసుకెళ్ళింది. తెలిసి కాదు. నోట్లోనే ఉండిపోయింది. పంతులమ్మ హాజరు పిలుస్తూ వచ్చావా అంటే, ఊఁ. వెనక బల్లలోంచి ఎవడో, అయ్యో మునిగిపోతోంది పట్టుకోండి అన్నాడు, ఇంకేముంది, ఆ రోజునుంచి ఆమె వెళ్ళినచోటల్లా పిల్లలు ముక్కు మూసుకుని, చేతులు కొట్టుకుంటూ, నీళ్ళలో మునుగుతున్నట్టు గుటకలు వేయడమే. ఇంటికొచ్చి ఏడ్చింది. అమ్మ ఆ పిల్లల తల్లుల్ని కడిగేస్తానని కొంగు బిగించింది. నాన్న వద్దన్నాడు. మర్నాడు సాయంత్రం ఆమెని దుకాణానికి తీసుకెళ్ళి, గోడకి ఆనించిన పెద్ద నిలువుటద్దం ముందు నిలబెట్టి, ముక్కు తగిలేంత దగ్గరగా, "అవును అను" అన్నాడు. "ఊఁ అను. గాలి బయటికి. అద్దం మసకేస్తే సరిగ్గా అన్నట్టు. మసకెయ్యకపోతే మళ్ళీ." లోపలికి పీలిస్తే అద్దం ఏమీ పట్టనట్టు అలాగే ఉండేది, తన ముఖం తనకి కనిపించేది. బయటికి వదిలితే ముఖం పోయి తెల్లటి మచ్చ వచ్చేది. మచ్చ వచ్చిన ప్రతిసారీ నాన్న భేష్ అనేవాడు. రోజూ దుకాణం మూసే వేళకి అదే పాఠం, పక్కన తమ్ముడు కూడా, వాడు అద్దాన్ని నాకేవాడు. "నువ్వూ అను నాన్నా" అంది ఒకరోజు. ఆయన వంగి, అద్దానికి ముఖం ఆనించి, చాలాసేపు ఏదో కూడదీసుకుని, అన్నాడు. అద్దం మసకెయ్యలేదు. ముగ్గురూ నవ్వారు. ఆయనే ముందు ఆపాడు. "నాకు ముదిరిపోయింది," అన్నాడు. "మీకెందుకు ఈ తలనొప్పి?"

అలా నేర్చుకున్న నోరే ఆమెకి అన్నం పెట్టింది. ఈ గొంతుకి ఊరూ పేరూ తెలీదు, ఎవరికైనా మనింటి గొంతే అనిపిస్తుంది, అదమ్మా దీని గొప్ప, అన్నాడు మొదటిసారి పనిలో చేర్చుకున్న పెద్దమనిషి. అప్పట్నుంచి ఇప్పటిదాకా ఆ గొంతు వానలు చెప్పింది, రైళ్ళ ఆలస్యం చెప్పింది, మీరు కోరిన నంబరు ప్రస్తుతం అందుబాటులో లేదు అని లక్షలమందికి చెప్పింది. నాన్న దుకాణంలో రేడియో కొని పెట్టుకున్నాడు. అందులో ఆమె మాట్లాడుతుంటే గిరాకీ వచ్చినా కాసేపు ఆగమని చెయ్యి చూపించేవాడట. మా అమ్మాయి అని మాత్రం ఎవరితోనూ అనేవాడు కాదని తమ్ముడు చెప్పాడు. ఎందుకనలేదో ఆమెకి తెలుసు. నీ కూతురా అని ఎవరైనా అడిగితే ఆయన ఊఁ అనాల్సి వచ్చేది, విన్నవాడు ఆయన వంకా రేడియో వంకా చూసేవాడు. గిరాకీలతో ఆయన అవును అనేవాడే కాదు. అవును అనాల్సిన చోటల్లా తప్పకుండా అనేవాడు. రేపటికి అవుతుందా? తప్పకుండా. అద్దం మందమేనా? తప్పకుండా. ఆ మాటని నున్నగా అంచు రాసి, వేలు తెగకుండా చేసి, అరలో పెట్టుకున్నాడు, ఎవరొచ్చినా తీసి ఇవ్వడానికి. ఎప్పుడు మొదలైందో తెలీదు. ఒకసారి ఫోనులో, "రేపొచ్చి నాలుగు రోజులు ఉంటాను నాన్నా, ఉండనా?" అంది ఆమె. అటు ఆయన లోలోపల ఆ అరలో వెతుక్కున్నాడు. తర్వాత ఎంతో మర్యాదగా, "తప్పకుండా" అన్నాడు. ఫోను పెట్టేసి ఆమె చాలాసేపు అక్కడే నిలబడింది. అద్దం కొనడానికి వెళ్ళిన మనిషిలా.

యంత్రం ఆగిందా? లేదు, చోటు మార్చారు. ఇప్పుడు ఆ మూల. కాగితం మీద ఉన్నది రెండే వరసలు. దారితప్పిన కుర్రాడు గుమ్మంలో నిలబడి, ఇది మీ ఇల్లేనా అమ్మా అంటాడు. ముసలమ్మ ఎక్కిలి పెట్టి, మా ఇల్లే, రా, కూర్చో అంటుంది. ఎక్కిలి అన్న మాట కింద రచయిత రెండు గీతలు గీశాడు. చెయ్యొచ్చు. పొట్ట లోపలికి లాక్కుని హిక్ అంటే సరిపోతుంది, జలుబు చేసినావిడ అలాగే చేస్తుంది, వింటుంటే తనకీ నవ్వొచ్చిన రోజులున్నాయి. లేదా నాకు చేతకాదని లేచి వెళ్ళిపోవచ్చు. లేదా. ఆ మూడోదాని దగ్గరికి వచ్చేసరికి ఆమె గొంతుకి దారి తెలియడం లేదు, ఆసుపత్రిలో తెలియనట్టే.

షుగరు ఆయన కళ్ళని ముందు తినేసింది, తర్వాత కాళ్ళని, చివరికి మనిషిని మంచాన పడేసింది. అమ్మ అప్పటికే లేదు. ఆమె వార్త తెలిసిన పూటే బయల్దేరి, సంచి భుజాన ఉండగానే గదిలోకి వెళ్ళింది. ఆయన కిటికీ వైపు పడుకుని ఉన్నాడు, కనుబొమల మీద పొడి లేదు, అంత శుభ్రంగా ఆయన్ని ఎప్పుడూ చూడలేదు. నాన్నా, అంది. ఎలా ఉన్నావు, నొప్పిగా ఉందా, ఏమైనా తిన్నావా. ఎన్ని మాటలు! ఒక్క అక్షరం నలగలేదు, ఒక్క మాట తడబడలేదు, అలవాటు, దుఃఖంలో కూడా ఎక్కడ విరవాలో అక్కడే విరిగాయి. ఆయన కాస్త చెవి ఒగ్గి విన్నాడు. ముఖం చిట్లించాడు. గుమ్మం వైపు తిరిగి, నర్సుని పిలిచి, "ఆ రేడియో కట్టెయ్యమ్మా," అన్నాడు. "మా అమ్మాయి వస్తుంది. వస్తే వినపడాలి." అప్పుడే. అప్పుడే ఒక్కసారి, లోపలికి, ఊఁ అని ఉంటే. నువ్వేనా అని అడగక్కర్లేకుండా తెలిసిపోయేది. ఆమె నోరు తెరిచింది, ఊపిరి పీల్చింది, పీల్చింది, ఎక్కడ పట్టి ఆపాలో గొంతుకి గుర్తు రాలేదు, ఉత్త గాలి అలా వెళ్ళి గుండెల్లో కూర్చుంది. తర్వాత తమ్ముడొచ్చి, నాన్నా అక్కొచ్చింది అని అరిచి చెప్పాడు. వచ్చావా అంటూ ఆయన ముఖమంతా విప్పారింది, కానీ తిరిగింది గుమ్మం వైపు. ఆమె ఇటుపక్క, ఆయన చెయ్యి పట్టుకునే ఉంది.

ఆయన పోయాక ఇల్లు సర్దుతూ, వంటింట్లో గిన్నెలు తుడుస్తూ, "నీకింకా వస్తుందా అక్కా?" అన్నాడు తమ్ముడు. ఏది అని ఆమె అడగలేదు. ఇద్దరూ ఒకరి ముఖంలోకి ఒకరు చూసుకుంటూ ప్రయత్నించారు. వాడికి పొలమారింది. ఆమెకి నిజం ఎక్కిళ్ళే పట్టుకున్నాయి. నవ్వి నవ్వి, నేలమీద కూలబడి, ఆ నవ్వు ఎటు తిరిగిందో ఇద్దరికీ తెలుసు. వాడు ఫోనులన్నీ గాలించాడు ఎక్కడైనా ఆయన మాట దొరుకుతుందేమోనని. ఒక పెళ్ళి వీడియోలో నాన్న కుర్చీలు మోస్తూ అటునుంచి ఇటు నడుస్తాడు, ఎవరో ఏదో అడుగుతారు, ఆయన నోరు కొంచెం తెరుచుకుని మూసుకుంటుంది. అది అదే. కానీ దానిమీద సన్నాయి.

అందరూ వచ్చి కూర్చునేదాకా యంత్రం ఆగిన సంగతే ఆమె గమనించలేదు. సౌండాయన, తల మీద వెంట్రుక లేని, చెవుల్లో మాత్రం గుబురుగా ఉన్న మనిషి, హెడ్‌ఫోన్లు పెట్టుకోమని సైగ చేశాడు. కుర్రాడి వేషం వేసే నటుడు ఆమె పక్క మైకు ముందుకు వచ్చి గొంతు సవరించుకున్నాడు. దర్శకుడు వేలు దించాడు.

"ఇది మీ ఇల్లేనా అమ్మా?"

అతను పెద్దగా అభినయించలేదు. మధ్యాహ్నం అయింది, ఆకలి మీద ఉన్నాడు, మామూలుగా అడిగాడు, నిజంగా దారి తెలియనివాడిలా. ఏ మాటకైనా ముందు మనిషి కొంచెం ఊపిరి తీసుకుంటాడు, ఆమె అంతే తీసుకుంది, ఎక్కిలి పెట్టాలా వద్దా అని ఇంకా తేల్చుకోకుండానే. అది లోపలికి వెళ్తూ వెళ్తూ, సగంలో, ఎవరూ చెప్పకుండా, తనంతట తానే ఆగింది. ఊఁ. "మా ఇల్లే," అంది ఆమె, మాట చివర సాగి, పైకి లేచి, అక్కడ కాసేపు నిలిచింది. "రా. కూర్చో."

అవతల ఎవరూ నవ్వలేదు. దర్శకుడు గడ్డం గోక్కున్నాడు. "బాగుందండీ... నవ్వు రాలేదు గానీ బాగుంది. ఏంటో. సరే, ఒకసారి వినిపించు," అన్నాడు. సౌండాయన ఏవో రెండు మీటలు నొక్కాడు. గదిలో పైనున్న స్పీకరులోంచి కుర్రాడి ప్రశ్న వచ్చింది. వెంటనే ముసలమ్మ గొంతు, మా ఇల్లే, రా, కూర్చో. ఆమె ముందుకు వంగింది. మధ్యలో ఏమీ లేదు.

"అక్కడ నేనొక మాట అన్నాను," అంది.

"ఏ మాటమ్మా?" సౌండాయన కాగితం చూసుకున్నాడు. "అన్నీ ఉన్నాయే."

"మా ఇల్లే అనే ముందు."

"ఓ, అదా! ఊపిరమ్మా అది. తీసేశాను. ఎప్పుడూ తీసేదేగా."

"ఊపిరి కాదు. మాట."

ఆమె మామూలుగానే అంది, కానీ పక్కనున్న నటుడు కాగితం దించి ఆమె వంక చూశాడు. దర్శకుడు మీట నొక్కాడు. "ఎక్కిలా అండీ? అది అంత తెలీలేదు, కావాలంటే కాస్త గట్టిగా ఇంకోసారి..."

"ఎక్కిలి కాదండీ. అవును అన్నాను. మనవాళ్ళు అలాగే అంటారు."

మనవాళ్ళు అన్న మాట ఆ గదిలోంచి బయటికెళ్ళి, రెండు అద్దాలూ దాటి, అవతల నలుగురి ముఖాల మీద పడడం ఆమెకి కనిపించింది. దర్శకుడి నోరు తెరుచుకుంది. పొద్దున తనేమేం అన్నాడో ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటున్నట్టున్నాడు, చెవులు ఎర్రబడ్డాయి. "మీరు... అంటే మీరు కూడా..." అన్నాడు. "మా నాన్న," అంది ఆమె. "అంటే నేనూ." అతను ఇంకేదో అనబోయి, కుర్చీలో వెనక్కి వాలి, "తెలీదండీ" అని మాత్రం అన్నాడు. తెలియకూడదనే కదా ఒకాయన రోజూ సాయంత్రం ఒక పిల్లని అద్దం ముందు నిలబెట్టింది. అతని తప్పేముంది?

సౌండాయన మాత్రం ఈ గొడవలో లేడు. తీసేసిన ముక్కని వెతికి పట్టుకుని, దాన్నొక్కదాన్నీ వేశాడు. గదిలోకి వచ్చింది. ఆమె కళ్ళు మూసుకుంది. నాన్నది కాదు. నాన్నది ఇంకా పొట్టిగా, గరుకుగా ఉండేది, చివర కిరోసిన్ వాసన ఉండేది. ఇది సన్నగా, కొంచెం భయంభయంగా ఉంది, వయసు మీద పడుతున్న ఒక ఆడమనిషిది. ఆయన వస్తాడేమోనని ఎదురుచూసింది, తనొచ్చింది. అంతే దొరుకుతుంది కాబోలు. సౌండాయన మళ్ళీ వేశాడు, ఇంకోసారి వేశాడు, గుబురు చెవుల మీద హెడ్‌ఫోన్లు అదిమి పట్టుకుని తల ఒకపక్కకి వాల్చి విన్నాడు.

"నిజమేనమ్మోయ్, ఊపిరి ఇలా తెగదు," అన్నాడు. "మరి ఉంచెయ్యనా?"

ఆమె లోపలికి పీలుస్తూనే అంది. అద్దం అవతల ఆయన చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, వినపడలేదన్నట్టు తలాడించాడు. "ఏమన్నారూ? ఉంచనా?"

ఆమె కుర్చీ ముందుకు జరుపుకుని, మైకుకి దగ్గరగా వంగి, ఈసారి ఆయనకి వినపడేలా అంది.